యజమాని చెప్పినది

సోమవారం మధ్యాహ్నం తాళాలాయన మూడు దేశాలను చంకలో పెట్టుకుని జంతువుల ఆసుపత్రికి వచ్చాడు. రెండో చేతిలో బొగ్గు గొలుసు ఉంది. బొగ్గు అంటే ఆరేళ్ళ నల్ల కుక్క. కుడి వెనక కాలు నేలకి ఆనించకుండా మూడు కాళ్ళ మీద గెంతుతూ వచ్చి, ముందు గదిలో ఫ్యాను గాలి తగిలే మూల చూసుకుని కూలబడింది. తాళాలాయన చంకలోని కాగితాల కట్ట బల్ల మీద పడేశాడు.

"అక్కా, ఇవి నువ్వే చదవాలి. ఇంత సన్నక్షరాలు చదివే ఓపిక ఇంకెవరికీ లేదు" అన్నాడు.

బల్ల వెనక కూర్చునే ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడదు. ఊరందరికీ ఆవిడ దస్తూరక్క. ఆవిడ కంటే పదేళ్ళు పెద్దయిన తాళాలాయన కూడా అక్కా అనే పిలుస్తాడు, ఆవిడ ఆయన్ని అన్నయ్యా అంటుంది. ఎవరికి ఎవరు పెద్దో తేల్చాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. వచ్చిన ప్రాణిని కాటా మీద నిలబెట్టడం, జ్వరం చూడడం, యజమాని చెప్పినదంతా కేసు పుస్తకంలో రాయడం ఆవిడ ఉద్యోగం. అంతా అంటే అంతానే. కుక్క దగ్గుతోందంటే, ఎన్ని రోజులుగా, ఏ పూట, దగ్గాక ఎవరి మొహం చూస్తుంది, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో పుస్తకంలోకి ఎక్కాల్సిందే. అవసరమైనది రాస్తే చాలు కదా అని డాక్టరమ్మ ఎన్నోసార్లు చెప్పి చూసింది. ఏది అవసరమో నాకే తెలిస్తే మీరెందుకండీ అని దస్తూరక్క జవాబు. అందులో అబద్ధమూ లేదు. మా వాడు గోడలు నాకుతున్నాడని ఒకావిడ నవ్వుతూ అన్న మాట రాసి ఉంచబట్టే, ఒక కుక్క కడుపులో సున్నం పెళ్ళలున్న సంగతి బయటపడింది. ఆ కథ దస్తూరక్క ఇప్పటికి నలభై మందికి చెప్పి ఉంటుంది.

తాళాలాయన గొడవ పెద్దదే. బొగ్గు మోకాలి లోపలి లిగమెంటు తెగిపోయింది. ఆపరేషన్ చెయ్యాలి, అదీ రెండు మూడు వారాల్లో చెయ్యాలి. ఆలస్యమైతే బరువంతా మోసి రెండో మోకాలు కూడా తెగుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఖర్చు ఆయన తాళంచెవుల దుకాణం మీద నాలుగు నెలల రాబడి. అందుకేగదా మూడేళ్ళుగా నెల తప్పకుండా ఇన్సూరెన్సు కడుతున్నాను అని ఆయన ధైర్యంగానే ఉన్నాడు. శనివారం కంపెనీ నుంచి క్లెయిము తిరస్కరించామని ఉత్తరం వచ్చింది. ఆదివారమంతా ఆయన చుట్టాలకు ఫోన్లు చేసి, ఎవరి దేశంలో కుక్కల ఇన్సూరెన్సు ఎలా ఉందో ఫోనులోనే కాగితాలు తెప్పించి అచ్చు తీయించుకున్నాడు. ఈ దేశాలన్నీ పక్కపక్కన పెట్టి, మనవాళ్ళు చేసేది ఎంత దగాయో చూపిస్తూ ఫిర్యాదు రాయాలని ఆయన పట్టుదల.

దస్తూరక్క అన్నం డబ్బా పక్కకు జరిపి, పాత టీకాల క్యాలెండరు వెనక్కి తిప్పి, స్కేలు పెట్టి గళ్ళు గీసింది. దేశాల పేర్లు రాయబోతే తాళాలాయన ఆపాడు. పేర్లు రాస్తే నాకు గుర్తుండవు, మనుషుల్ని రాయి అన్నాడు. అందుకని పైగళ్ళలో చెల్లెలి దేశం, తోడల్లుడి దేశం, మన దేశం అని పడింది.

మొదటి వరుస ప్రీమియం. మూడు దేశాల డబ్బు మూడు రకాలు. దస్తూరక్క మారకం రేటు చూస్తానంటే తాళాలాయన ఒప్పుకోలేదు. మారకం రేటంతా మాయ, ఎన్ని గంటలు పని చేస్తే ఆ డబ్బు వస్తుందో అది రాయమన్నాడు. ఆయన చెల్లెలు ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికి మడతపెట్టే చోట పని చేస్తుంది. ఆమె పిల్లికి నెలకు కట్టేది మనవాళ్ళు కట్టేదానికి మూడింతలు. కానీ ఆమె ఆరు గంటలు దుప్పట్లు మడిస్తే అది వచ్చేస్తుంది. ఇక్కడ తాళాలాయన తన ప్రీమియం కోసం పన్నెండు గంటలు ఆకురాయి పట్టాలి. ప్రపంచంలోకెల్లా చవకైన పాలసీ మాది అని కంపెనీవాళ్ళు అట్ట మీద అచ్చేశారు. దస్తూరక్క గళ్ళలో ఆరు, పన్నెండు అని రాసి, ఆ అట్ట వంక చూసి, "చవకే మరి" అంది.

తోడల్లుడి దేశంలో నెలకు రెండు గంటల పని చాలు. తాళాలాయన మొహం వెలిగింది. కానీ రెండో వరుస దేనికి ఇస్తారు దగ్గరకొచ్చేసరికి ఆ వెలుగు ఆరిపోయింది. అక్కడ ఆ పాలసీ కుక్క ఎవరినైనా కరిస్తేనో, ఎవరి సామానైనా విరగ్గొడితేనో వాళ్ళకు కట్టేదట. సర్కారు తప్పనిసరి చేసింది అదొక్కదాన్నే. కుక్కకు జబ్బు చేస్తే దానికి వేరే పాలసీ ఉంది, అది తోడల్లుడు తీసుకోలేదు.

"అంటే మా వాడు వెళ్ళి ఎవరినైనా కరిస్తే డబ్బొస్తుంది. వాడి కాలు విరిగితే రాదు. ఇది కుక్కకి ఇన్సూరెన్సా, పక్కింటివాడికా?"

పక్కింటివాడికే అని దస్తూరక్క గడిలో ఓపిగ్గా రాసింది.

చెల్లెలి దేశం కాగితాల్లో పిల్లి వైద్యం చీటీలు కూడా ఉన్నాయి. నాలుగేళ్ళ చీటీలు కలిపి పది వాక్యాలు లేవు. బరువు, టీకా, సంతకం. ఇదేం ఆసుపత్రి, ఆ పిల్లికి నోరు లేకపోతే పోయింది, దాన్ని తెచ్చినవాళ్ళకీ లేదా అని దస్తూరక్కకు చిరాకు వేసింది. తాళాలాయన చెల్లెలికి ఫోను చేస్తే ఆమె పనికి వెళ్ళే బస్సులో ఉంది. ఇక్కడంతే అన్నయ్యా, మేమూ ఏమీ చెప్పం, వాళ్ళూ ఏమీ రాయరు అంది. పాత జబ్బయినా రెండేళ్ళపాటు ఏ కాగితంలోనూ దాని ఊసు లేకపోతే ఇన్సూరెన్సువాళ్ళు దాన్ని లేనట్టే లెక్కేస్తారని, నూటికి ఎనభై వంతులు ఇస్తారని చెప్పి, తన స్టాపు వచ్చిందని పెట్టేసింది. దస్తూరక్క రెండేళ్ళ మాఫీ, ఎనభై వంతులు అని రాసుకుంది గాని, ఆ ఆసుపత్రివాళ్ళ మీద చిన్నచూపు పోలేదు.

చివరి వరుస, ఏ కారణంతో తిరస్కరించవచ్చు. మన దేశం గడి నింపడానికి తాళాలాయనకు వచ్చిన ఉత్తరం తీసింది. అందులో కారణం ఒకే ఒక్క వాక్యం. పాలసీకి ముందునుంచే ఉన్న జబ్బుకు చెల్లింపు లేదు, ఆసుపత్రి రికార్డు ప్రకారం, "వెనక కాలు కుంటు, చిన్నప్పటినుంచీ."

దస్తూరక్క పెన్ను ఆగిపోయింది.

"చూశావా, ఎంత పచ్చి అబద్ధమో. వీడు చిన్నప్పుడు కుందేలులా పరిగెత్తేవాడు. ఇది ఏ డాక్టరు రాశాడో వాడి చెయ్యి..." అంటూ తాళాలాయన తిట్టు మొదలుపెట్టి, ఆసుపత్రిలో ఉన్నానని గుర్తొచ్చి మింగేశాడు.

దస్తూరక్కకు ఏదో పని గుర్తొచ్చింది. మిగిలింది రేపు చూద్దాం అన్నయ్యా అని కాగితాలు సర్దేసింది. అన్నం డబ్బా ఆ పూట తెరవలేదు.

మూడేళ్ళ కిందట ఆసుపత్రికి కంప్యూటరు వచ్చింది. అందులో యజమాని చెప్పినది అని ఒక గడి ఉంటుంది. దానిలో నలభై అక్షరాలకు మించి పట్టవు, నలభై ఒకటోది కొడితే కీచుమంటుంది. దస్తూరక్క దానితో వారం రోజులు యుద్ధం చేసి, చివరికి ఒక రాజీకి వచ్చింది. ముందు పుస్తకంలో తన ఇష్టమొచ్చినట్టు రాయడం, సాయంత్రం కూర్చుని గడికి సరిపడా కుదించి ఎక్కించడం. ఇన్సూరెన్సువాళ్ళు అడిగినప్పుడు వెళ్ళేది ఆ గడే. పుస్తకాలు సామాన్ల గదిలో బీరువా అడుగున ఉంటాయి. కంప్యూటరు వచ్చాక ఇప్పటికి తొమ్మిదయ్యాయి.

మంగళవారం పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, రెండో పుస్తకం తీసి, పేజీలు తిరగేసింది. వెతకనక్కర లేకుండానే దొరికింది. బొగ్గుకు టీకా వేయించడానికి వచ్చిన రోజు. తన చేతి రాతే, గుండ్రంగా, కొట్టివేత లేకుండా ఉంది. "స్నానం మాట ఎత్తితే చాలు, వెనక కాలు పైకెత్తి కుంటుకుంటూ బల్ల కిందికి పోతాడట. బిస్కెట్టు చూపిస్తే నాలుగు కాళ్ళతోనూ పరిగెత్తుకొస్తాడట. చిన్నప్పటినుంచీ ఇదే వేషమట. యజమాని చాలా నవ్వారు."

ఆ సాయంత్రం ఆవిడకు బస్సు తొందరో, కళ్ళు లాగడమో గుర్తు లేదు. స్నానం పోయింది, బిస్కెట్టు పోయింది, నవ్వు పోయింది. గడిలో కుంటు మాత్రం మిగిలింది. పదిహేడేళ్ళుగా ఒక్క మాట వదలని మనిషి వదిలిన మాటలే ఆ కుక్క కాలికి చుట్టుకున్నాయి. దస్తూరక్కకు సిగ్గు వేసింది. సామాన్ల గదిలో మందుల పెట్టె మీద కూర్చుని కాసేపు ఏడ్చింది కూడా.

డాక్టరమ్మకు చెబితే ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కంప్యూటరులో ఇప్పుడు దిద్దితే దొంగపని చేశామంటారు, కంపెనీ తన జాబితాలోంచి మన ఆసుపత్రిని తీసేస్తుంది, అప్పుడు ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళెవరూ గడప తొక్కరు అంది. దిద్దను, పుస్తకంలో పేజీ ఉన్నదున్నట్టు పంపుదాం, అందులో ఒక్క అక్షరం కూడా కొత్తది కాదు కదా అని దస్తూరక్క అడిగింది.

"ఆ పుస్తకం ఒకటుందని వాళ్ళకి తెలియడం మంచిదో కాదో నాకు తెలీదు" అంది డాక్టరమ్మ. ఇంకా ఏదో చెప్పబోయి, లోపల పిల్లి అరుస్తుంటే లేచి వెళ్ళిపోయింది. దాన్ని దస్తూరక్క అనుమతిగానే తీసుకుంది.

మధ్యాహ్నం తాళాలాయన దుకాణానికి తనే వెళ్ళింది. దుకాణమంటే రెండు మేడల మధ్య సందులో ఒక బల్ల, దాని వెనక మేకులకు వేలాడే వందల తాళంచెవులు. ఆయన ఒక చెవిని పట్టులో బిగించి, ఆకురాయితో రెండు సార్లు రాకి, ఊది, వెలుతురుకెత్తి చూసి, మళ్ళీ రాకుతున్నాడు. బల్ల కింద బొగ్గు తోక నేలకేసి కొట్టింది. దస్తూరక్క నిలబడే అంతా చెప్పింది, ఏమీ దాచకుండా, తన అలవాటు ప్రకారం బస్సు తొందరతో సహా.

ఆయన ఆకురాయి ఆపలేదు. రాకుతూనే విన్నాడు. ఎక్కువ రాకాడు కాబోలు, చెవి పళ్ళు అరిగి పాడైంది. దాన్ని తీసి పాత ఇనుము డబ్బాలో పడేశాడు.

"నేను నవ్వుతూ చెప్పిన మాటని తీసుకెళ్ళి ఏడుపు చేశావు కదమ్మా" అన్నాడు. అక్కా అనలేదు.

ఆవిడ సంచిలోంచి పేజీ నకలు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన చదివాడు. యజమాని చాలా నవ్వారు దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. బల్ల కింద ఉన్నవాడి వంక చూశాడు. ఇది చూపిస్తే ఇస్తారా అని మాత్రం అడిగాడు.

బుధ, గురువారాలు ఫోనుకే సరిపోయాయి. కంపెనీకి ఫోను చేస్తే ముందు పాట వస్తుంది, తరవాత మీ పిలుపు మాకెంతో విలువైనది అంటుంది, తరవాత మళ్ళీ పాట. దొరికిన ప్రతి మనిషీ పాలసీ నంబరు కొత్తగా అడుగుతాడు, కుక్క పేరు కొత్తగా అడుగుతాడు, బొగ్గంటే వంట బొగ్గేనా అని ఒకడు జోకు కూడా వేశాడు. చెప్పిందే చెప్పి దస్తూరక్క గొంతు బొంగురుపోయింది. ఆరో మనిషి క్లెయిములు పరిశీలించే అధికారిణి. ఆవిడ గొంతు నెమ్మదైనది, మంచి మనిషిలాగే ఉంది. దస్తూరక్క తన కోపమంతా ఆవిడ మీద కుమ్మరించింది. కుక్కను చూడకుండా, డాక్టరును అడగకుండా, నాలుగు ముక్కలు చూసి కాలు తీసేస్తారా అని నిలదీసింది. మిగతా దేశాల్లో ఇలా లేదని, తన దగ్గర పట్టిక ఉందని కూడా అంది.

అవతలావిడ అంతా విన్నది.

"అమ్మా, మేము సొంతంగా ఏమీ రాయలేదు. మీరు రాసిందే చదివాం" అంది.

దస్తూరక్క రెండో పుస్తకం దగ్గరకు లాక్కుంది. అసలు పుస్తకంలో పేజీ పంపితే చూస్తారా అని అడిగింది. పుస్తకమా, అని అవతలావిడ రెట్టించి అడిగింది. పంపండి, తప్పకుండా చూస్తాం అంది ఆవిడ. శుక్రవారం పొద్దున డాక్టరమ్మ సంతకంతో పేజీ వెళ్ళింది. దానితోపాటు తాళాలాయన పట్టుబట్టి మూడు దేశాల పట్టిక కూడా పెట్టించాడు.

సోమవారం జవాబు వచ్చింది. పట్టిక గురించి ఒక్క మాటా లేదు. అసలు రికార్డు పరిశీలించాం, క్లెయిము అంగీకరించాం, ఆపరేషన్ చేయించుకోవచ్చు అని మొదటి పేరా. ముందు గదిలోనే దస్తూరక్క కళ్ళు ఒత్తుకుంది. తాళాలాయనకు ఫోను చేసింది. అక్కా, గురువారం తీసుకొస్తాను అన్నాడు ఆయన. అక్కా అనేసరికి ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

డాక్టరమ్మ రెండో పేరా చదువుతోంది. ఈ ఆసుపత్రిలో చేతిరాత రికార్డులు ఉన్నట్టు తెలిసింది గనక, ఇకపై ఇక్కడినుంచి వచ్చే ప్రతి క్లెయిముకూ, పరిశీలనలో ఉన్నవాటితో సహా, ఆ పుస్తకాల పేజీలు జతచెయ్యాలి. కాగితం మడిచి దస్తూరక్క చేతిలో పెట్టి, ఆమె లోపలికి వెళ్ళింది.

పరిశీలనలో ఉన్నవాటిలో మొదటిది బేకరీ ఆవిడ పిల్లిది. దానికి మూత్రం ఆగిపోయి, అప్పు చేసి మరీ వైద్యం చేయించారు. కంప్యూటరు గడిలో టీకాకు వచ్చింది, బాగుంది అని తప్ప ఏమీ లేదు, అంచేత డబ్బు రావాల్సిందే. దస్తూరక్క ఐదో పుస్తకం తీసింది. పేజీ దొరికింది. "రెండేళ్ళ కిందట ఒకసారి మూత్రానికి ఇబ్బంది పడిందట. నీళ్ళు బాగా తాగిస్తే రెండు రోజుల్లో అదే తగ్గిందట." మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ వదలలేదు. రాత కూడా చాలా బాగుంది. ఆ పేజీ తీయకుండా ఉండే దారి ఉందేమోనని ఆవిడ సాయంత్రం దాకా వెతికి, దొరక్క, తన చేత్తోనే నకలు తీసి పంపింది. పాలసీకి ముందునుంచే ఉన్న జబ్బని బుధవారానికల్లా తిరస్కరణ వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. బేకరీ ఆవిడ ఉత్తరం పట్టుకుని వచ్చి, ఎవరి రాతో తెలియక, మీరే ఏదో ఒకటి చెయ్యండక్కా, మీరు తాళాలాయనకి ఇప్పించారట కదా అని చేతులు పట్టుకుంది.

ఆ సాయంత్రం దస్తూరక్క బీరువా ముందు కూర్చుని తొమ్మిది పుస్తకాలూ ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుని చూసింది. ఎన్ని ఇళ్ళ మాటలో. మా వాడు చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డాడు, దీని తల్లికి చెవిపోటు ఉండేదట, ఎండాకాలంలో కాస్త గోక్కుంటుంది. జనం నమ్మి, నవ్వుతూ, ముద్దుగా చెప్పినవి. తను పనికొస్తాయని దాచినవి. చెల్లెలి దేశంలో ఆ ఆసుపత్రివాళ్ళు నాలుగేళ్ళలో పది వాక్యాలు కూడా రాయలేదని చిన్నచూపు చూసింది. వాళ్ళకు చేతగాక కాదు. ఆ పట్టికలో ప్రీమియం వరుసా, చెల్లింపు వరుసా అన్నీ స్కేలు పెట్టి గీసింది గాని, మాటకు ఎక్కడ ఎంత కట్టాలో ఆ వరుస గీయడం తట్టనే లేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా. ఆవిడకు కంపెనీ మీద కోపం వచ్చింది, కంప్యూటరు గడి మీద కోపం వచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా తన గుండ్రటి అక్షరాల మీద వచ్చింది.

గురువారం పొద్దున ఎనిమిదింటికి తాళాలాయన బొగ్గును ఎత్తుకుని వచ్చాడు. రాత్రినుంచి ఏమీ పెట్టలేదని, తోడుగా తను కూడా తినలేదని చెప్పాడు. దస్తూరక్క కుక్కను కాటా మీద పెట్టించి బరువు రాసింది. థర్మామీటరు పెట్టి జ్వరం రాసింది. కింద యజమాని చెప్పినది అన్న చోట పెన్ను పెట్టింది.

తాళాలాయన భయంతో వాగుతున్నాడు. భయమేస్తే మనుషులు అన్నీ చెబుతారు. రాత్రంతా వాడు తన కాళ్ళ దగ్గరే పడుకున్నాడని చెప్పాడు, పొద్దున గొలుసు తీయగానే పారిపోబోయాడని చెప్పాడు.

"ఇంకోటి అక్కా, ఈ నెలరోజులుగా పొద్దున లేవగానే రెండు మూడుసార్లు దగ్గుతున్నాడు. కాసేపటికి అదే పోతుంది. చెప్పాలా వద్దా అనుకున్నా."

 మత్తుమందు ఇవ్వబోయే కుక్క దగ్గు. పదిహేడేళ్ళలో దస్తూరక్క ఇంతకంటే రాయాల్సిన మాట ఇంకోటి విని ఉండదు. అదే మాట ఈ పుస్తకంలో పడితే, రేపు బొగ్గుకు ఊపిరితిత్తుల జబ్బు ఏది వచ్చినా, పేజీ తీసి పంపాల్సింది తనే. చేతిలో పెన్ను దానంతటదే కాగితం దాకా వెళ్ళింది. ఆవిడ దాన్ని వెనక్కి లాగి, మూత పెట్టింది.

తాళాలాయన ఆ మూత వంక చూశాడు. "రాసుకోవడం లేదా?"

"లేదన్నయ్యా. నువ్వు చెప్పు, నేను వింటున్నాను."

ఆయన చెప్పాడు. ఎన్ని రోజులుగా, ఏ పూట, పొడిగానా తడిగానా, దగ్గాక ఎవరి మొహం చూస్తాడు. ఆవిడ అన్నీ అడిగింది, ఒక్కటీ వదలలేదు. తరవాత లేచి లోపలికి వెళ్ళి, చేతులు కడుక్కుంటున్న డాక్టరమ్మ పక్కన నిలబడి, మొదటినుంచి చివరిదాకా నోటితో అప్పజెప్పింది. డాక్టరమ్మ కుళాయి కట్టేసి, తడి చేతులతోనే కేసు పుస్తకం కోసం చూసింది.

"ఇందులో లేదే?"

"లేదండి" అంది దస్తూరక్క.

డాక్టరమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. చేతులు తుడుచుకుని, స్టెతస్కోపు మెడలో వేసుకుని, బొగ్గు గుండె మరోసారి వినడానికి ముందు గదిలోకి నడిచింది. దస్తూరక్క పుస్తకం తీసుకుని తన బల్ల దగ్గర కూర్చుంది. ఖాళీ వదిలితే ఎవరైనా ఏదైనా రాసేస్తారని పదిహేడేళ్ళ కిందట తనకు పని నేర్పినావిడ చెప్పింది. స్కేలు తీసుకుని ఆ ఖాళీకి అడ్డంగా ఒక గీత గీసింది. గీత తిన్నగానే వచ్చింది.